లామా చెవిలో చెప్పిన పేరు

గోక్యో చెరువు ఒడ్డున ధూపం వేశాం. ఉడకబెట్టిన ఆలుగడ్డలు ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. ఎండ బాగానే ఉంది. అమ్మాయి ఖాట్మండు నుంచి సెలవులకొచ్చింది. చెరువుకి దండం పెట్టుకుంటుందని నేనే తీసుకొచ్చాను.

దాన్ని అందరూ కికులి అంటారు. కుక్కపిల్ల అని. దానికి ముందు ముగ్గురు పసికందులుగానే పోయారు. ఇది పుట్టగానే లామా అసలు పేరు నా చెవిలో మాత్రం చెప్పి, బయట కుక్కపిల్ల అని పిలవమన్నాడు. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చేది, ఇది ఉత్త కుక్కే కదా అనుకుని వెళ్ళిపోతుందని. ఆ పేరు ఇన్నేళ్ళూ నా పెదవి దాటలేదు.

"కాలేజీలో నన్ను చూసి భౌ భౌ అంటున్నారమ్మా," అంది, ఆలుగడ్డ తొక్క నా మీదికి విసిరి.

"కరవకపోయావా," అన్నాను.

నవ్వుకుంటూ, కొండమేకల ఫొటో తీస్తానని రాళ్ళగట్టు ఎక్కింది. ఆ గట్టుకి అవతలంతా మంచునది.

పొగమంచు ఒక్కసారిగా కమ్మేసింది. నా చేయి నాకే కనబడలేదు. కికులీ అని పిలిచాను. కిందెక్కడో మంచు విరిగింది. రాళ్ళు జారాయి. మళ్ళీ పిలిచాను. పలకలేదు. ఆరిపోయిన వత్తి వాసన వచ్చింది... అక్కడ దీపం ఎవరు పెడతారు?

అడుగులు వినబడ్డాయి. దానివే. మంచునది వైపు పోతున్నాయి. నెమ్మదిగా, ఎవరో చేయి పట్టుకుని నడిపిస్తున్నట్టు.

గొంతు చించుకుని అసలు పేరు పిలిచాను.

అడుగులు ఆగాయి.

తర్వాత ఆ పేరు ఇంకెవరో అన్నారు. నా మోకాలి ఎత్తు నుంచి... ఎడమ పక్క ఇంకో గొంతు. వెనక మరొకటి. మాటలు నేర్చుకునే పిల్లల్లా, తప్పు దిద్దుకుంటూ.

అమ్మాయి వచ్చి నన్ను గుద్దుకుంది.

"అమ్మా... ఇందాక పిలిచావే. అది నా పేరా?"

కాదన్నాను.

"మరి నా కాళ్ళెందుకు ఆగాయి?"

ఇంటికొచ్చాక, కొత్త పేరు పెట్టమని లామాకి కబురు పంపాను. జవాబు ఇంకా రాలేదు. ఇప్పుడు కికులీ అంటే అది పలకడం లేదు. తింటూ తింటూ కిటికీ వైపు తిరిగి, "ఆఁ, వస్తున్నా," అంటుంది. నేను పిలవలేదే అంటే, "నువ్వు కాదులే," అంటుంది.

నిన్న రాత్రి గడియ వేసి తలుపుకి అడ్డంగా పడుకున్నాను. పొద్దున గడియ వేసినట్టే ఉంది. పొయ్యి పక్కన దాని బూట్లు తడిసి ఉన్నాయి. లోపల మంచు ముక్కలు. నిప్పులు రాజేశాను. ఆ ముక్కలు కరగడం లేదు.