జాలి లేని జాలీ ఎయిర్

"ఈ తొంభై తొమ్మిది రూపాయలు ఏ దేశం రూపాయలో జర చెప్తవా?"

తడిసిన గొడుగును సరిగ్గా కీబోర్డుకు ఆనించి, భవాని టికెట్ కాగితాన్ని బల్ల మీద కొట్టింది. బయట సారపాక రోడ్డు మీద వాన దంచుతోంది. లోపల వీరబాబు గుండె కూడా కొంచెం అలాగే ఉంది. కోపం వస్తే ఈ అమ్మాయి ముక్కు కొస ఎర్రబడుతుందని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. దాంతో టికెట్ వదిలేసి ఆ ముక్కునే చూశాడు.

పేపర్ మిల్లు ఎదుట వీరబాబుది చిన్న దుకాణం. జిరాక్సు, సెల్ రీచార్జి, రైలు టికెట్లు. 2007లో విమానం టికెట్లు కారుచౌక అయిపోయాయని అందరూ అంటుంటే అతనూ బోర్డు మీద విమానం బొమ్మ వేయించాడు. దానికి మొదటి గిరాకీ భవాని. దుమ్ముగూడెం అడవి పల్లెల ఆడవాళ్లు పెట్టుకున్న తేనె సంఘం అమ్మకాలన్నీ ఆమే చూస్తుంది. ఢిల్లీ మేళాలో తేనె అమ్మడానికి రైల్లో వెళ్తానని వచ్చిన మనిషిని, "బస్సు చార్జీలో ఢిల్లీ, మేడమ్" అని ఊరించి జాలీ ఎయిర్ ఎక్కించింది వీరబాబే.

"టికెట్ తొంభై తొమ్మిదే మేడమ్. దాని మీద పెట్రోలు సర్‌చార్జి, ఎయిర్‌పోర్టు ఫీజు, రద్దీ చార్జి..."

"రద్దీ చార్జా? ఏంది గది?"

"ఢిల్లీల దిగనీకె జాగ దొరక్క విమానం పైన చక్కర్లు కొడ్తది గదా, దానికి."

"వాళ్లు దింపనందుకు నేను పైసలియ్యాల్నా? మా ఆటోవోడు గిట్ల అడిగితే ఆటోను వాగుల తోస్తం!"

వీరబాబు నవ్వబోయి ఆగాడు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"తేనె డబ్బాలకు కిలో లెక్కన గుంజిండ్రు. చేతిసంచిల రెండు డబ్బాలుంటే లోపలికి పోనియ్యమని వాళ్లే పెట్టుకున్నరు. ఒకాయన మూత తీసి నాకి, అసలుదే అని మెచ్చుకున్నడు. మెచ్చుకొని గూడ ఇయ్యలే! వచ్చేటప్పుడు విమానమే రద్దు. పైసలు వాపస్ ఇయ్యుండ్రి అంటే వోచర్ ఇచ్చిండ్రు. ఒక్క దిక్కే పోవాల్నట, మూడు నెలల్లనే పోవాల్నట. రైలు జనరల్ డబ్బాల నిలబడి ఇంటికొచ్చిన."

"సారీ మేడమ్..."

"చెట్లెక్కి ఈగలతోని కుట్టించుకున్నది సంఘపోళ్లు, విమానంల షోకు చేసింది భవాని అని ఊరంత అంటున్నది. నన్ను పెంచిన నాగక్క పెద్దమ్మ ఒక్కతే నా దిక్కు మాట్లాడుతున్నది. వచ్చే మేళా గూడ గిట్లనే అయితే సంఘం మూతే."

"షరతులు వర్తిస్తాయని కింద రాసుంటది మేడమ్," అన్నాడు వీరబాబు. అనగానే నాలుక కరుచుకున్నాడు.

"చీమ తలకాయంత అక్షరాలతోనా? సరే, నువ్వు ఎన్నిసార్లు ఎక్కినవ్ విమానం?"

వీరబాబు జిరాక్స్ మెషిన్ వంక చూశాడు. అది సాయపడలేదు.

"టీవీల చూసిన," అన్నాడు.

భవాని నవ్వింది. ఆ నవ్వు కోపం కన్నా ఎక్కువగా తగిలింది. "ఈసారి తేనె రైల్ల పోతది, పెద్దనాయనతోని. వోచర్ ఎందుకు ఇడుస్త? నేను విమానంల పోత. నువ్వు గూడ రావాలె, నీ పైసలతోని. వాళ్లు అడిగే చార్జీలకు నువ్వే జవాబు చెప్పు."

కుదరదు అందామనుకున్నాడు వీరబాబు. నోరు మాత్రం "సరే" అంది.

దసరా వెళ్లాక బేగంపేట విమానాశ్రయంలో జాలీ ఎయిర్ కౌంటరు ముందు ఇద్దరూ నిలబడ్డారు. అక్కడి అమ్మాయి పళ్లన్నీ కనపడేలా నవ్వి వీరబాబు సంచిని తూకం మీద పెట్టించింది. "అర కిలో ఎక్కువుంది సర్. చార్జి అవుతుంది."

వీరబాబు సంచిలోంచి ఒక చొక్కా తీసి తొడుక్కున్నాడు. ముల్లు కదిలింది, చాలలేదు. దాని మీద స్వెట్టరు వేశాడు. అదే మనిషి, అదే బరువు, చార్జి మాత్రం మాఫీ.

"ఇప్పుడు నేను బరువు తగ్గిన్నా మేడమ్?" అని కౌంటరు అమ్మాయినే అడిగాడు. భవాని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆమెను నవ్వించాననే సంతోషంలో అతనికి ఉక్క కూడా తెలియలేదు.

"మీ ఇద్దరికీ పక్కపక్క సీట్లు కావాలంటే ఎక్స్‌ట్రా సర్."

వీరబాబు చెయ్యి టక్కున పర్సు మీదికి పోయింది. భవాని ఆ చేతిని ఆపింది. "పక్కన కూసుండనీకె గూడ కిరాయి ఇస్తవా? సిగ్గుండాలె!"

అన్ని చార్జీల్లోకీ అతను ఇష్టంగా కట్టగలిగిన చార్జి అదొక్కటే. చెయ్యి పర్సు మీది నుంచి తీసేశాడు.

అతనికి మూడో వరుస, ఆమెకు ఇరవై ఆరు. విమానం పైకి లేచేసరికి వీరబాబు కళ్లు మూసుకుని పక్కనున్న లావుపాటి సేటు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఢిల్లీ మీదికొచ్చాక విమానం నిజంగానే చక్కర్లు కొట్టింది. ఒకటి, రెండు, మూడు... కట్టిన రద్దీ చార్జికి పూర్తి న్యాయం చేస్తోంది. వీరబాబు కడుపు కూడా దాంతో పాటే తిరిగింది. ముందు సీటు జేబులోంచి వాంతికి పెట్టిన కాగితం కవరు లాగి, ఎయిర్‌హోస్టెస్‌ను "దీనికెంత?" అని అడిగాడు.

"ఫ్రీ సర్."

జాలీ ఎయిర్ అతనికి ఉచితంగా ఇచ్చింది అదొక్కటే. దాన్ని వెంటనే వాడుకున్నాడు.

ఎప్పుడొచ్చిందో భవాని పక్కన నిలబడి ఉంది. సీటు మారమని సేటును హిందీలో బతిమాలింది. ఆయన కదల్లేదు, దానికి ఎక్స్‌ట్రా కట్టాడట. బెల్టు పెట్టుకోవాల్సిన సమయం, వెళ్లి కూర్చోమని ఎయిర్‌హోస్టెస్ గద్దించింది.

"మనిషి పానం పోతుంటే కూసోమంటవేంది? నిలబడ్డందుకు గూడ చార్జి ఉంటే రాసుకో!" అంటూనే భవాని చున్నీ కొసతో అతని నుదురు తుడిచి, అప్పుడు వెళ్లింది. వీరబాబు ఆ తర్వాతి చక్కర్లు లెక్కపెట్టలేదు.

ఢిల్లీలో తేనె డబ్బాలు చుక్క ఒలకకుండా ముందే చేరాయి. వాటికి కాపలాగా భవాని పెద్దనాయన బొజ్జయ్య కూర్చుని ఉన్నాడు. వీరబాబు తేనె కొనడానికొచ్చిన మొదటి గిరాకీని చూడగానే అలవాటు కొద్దీ, "సీసాకు వేరే, సంచికి వేరే" అని మొదలుపెట్టబోయాడు. భవాని కళ్లురిమింది. ఒక అట్ట అతని చేతికిచ్చి హిందీలో రాయించింది: "చెప్పినంతే ధర. పైన ఏమీ లేదు." ఢిల్లీ జనం ఆ అట్టను చదివి, నమ్మలేక మళ్లీ చదివి, సీసాల్లో తేనె పోయించుకుని కొన్నారు. మేళా ముగియక ముందే తేనె అయిపోయింది. ఆ సాయంత్రం భవాని నాగక్కకు ఫోన్ చేసి, అంతా అమ్ముడైందని చెబుతూనే ఏడ్చేసింది. వీరబాబు ఖాళీ డబ్బాలు సర్దుతూ అటు తిరిగి నిలబడ్డాడు.

అతని దగ్గర వెనక్కి వెళ్లే విమానం టికెట్ ఉంది. రద్దు చేయాలంటే దాని ధర కన్నా రద్దు చార్జి ఎక్కువ. జాలీ ఎయిర్‌కు ఒక నమస్కారం పెట్టి, వాళ్లతో పాటు రైలెక్కి ఖమ్మంలో దిగాడు. అక్కడి నుంచి భద్రాచలం బస్సు. ముందు సీట్లో బొజ్జయ్య మొహం మీద తువ్వాల కప్పుకుని పడుకున్నాడు. వెనక వాళ్లిద్దరూ. అద్దం మీద సన్నటి తుంపర పడుతోంది.

"భవానీ..." మేడమ్ అనలేదని ఇద్దరూ గమనించారు. "నన్ను చేసుకుంటవా?"

 భవాని కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ముందుగాల చార్జీలన్ని చెప్పు."

"ఏంది?"

"దాచిపెట్టినయి. లగ్గమయినంక ఒక్కొక్కటి బయటపెడితే ఊకోను."

వీరబాబు నిజాయితీగా ఆలోచించాడు. "దుకాణం మీద బ్యాంకు లోనున్నది. మా అమ్మకు కోపమెక్కువ. నాకు నిద్రల మాట్లాడే అలవాటున్నది."

"ఇంకా?"

"నువ్వు తిట్టిపోయిన నాడు దుకాణం బంద్ చేసి మీ ఊరి దాక వచ్చిన, సారీ చెప్దామని. ధైర్యం చాలక మళ్లిపోయిన."

ఆమె గొంతు తగ్గింది. "గదేం చార్జి కాదులే."

"మరి నీయి?"

"సంఘం ఇడువను. కోపమొస్తే గిట్లనే అరుస్త. అడగంగనే మాఫీ చెయ్య."

"ఒప్పుకున్న!"

"గంత జల్దీ ఒప్పుకోకు. చదవకుంట ఒప్పుకొనే గదా నేను మునిగింది."

ముందు సీట్లో తువ్వాల కదిలింది. "అవ్ పిలగా," అన్నాడు బొజ్జయ్య దాన్ని తియ్యకుండానే, "మా ఇంటామె నాగక్కకు నేను చెప్త. మీ అమ్మకు నువ్వు చెప్పుకో. ఇగ ఊకోండ్రి, పాల్వంచ దాక నన్ను పండనియ్యుండ్రి."

వాళ్లు ఊరుకోలేదు. గొంతు తగ్గించి, దగ్గరికి జరిగి, గుసగుసగా బేరాలు మొదలుపెట్టారు. బస్సు పాల్వంచ దాటినా షరతులు ఇంకా మిగిలే ఉన్నాయి.