పూనకమని మొక్కిన రోజులు

“దవాఖానల ఆ మాట ఎత్తినవంటే నీకూ నాకూ చెల్లు, పుష్పా!”

అత్త సైదమ్మ మాటకు పుష్ప చేతిలోని అన్నం గిన్నె కింద పెట్టేసింది. మంచం మీద భర్త జైరాం గోడవైపు తిరిగి పడుకున్నాడు. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయే మనిషి, తండాకు వచ్చి ఇలా పడుకోబట్టి నెల దాటింది. స్నానం లేదు, మాట లేదు... నిన్న మాత్రం నోరు విప్పి, “నేను లేకుంటేనే మీకు సుఖం” అన్నాడు. ఆ మాటకే పుష్ప ఖమ్మం పెద్ద దవాఖానాకు పోదామని పట్టుబట్టింది!

సైదమ్మ ఎత్తవద్దంటున్నది, తండా కొలిచే సేవాలాల్ స్వామి భోగ్ పండుగ నాటి సంగతి. ఆ పండుగకు జైరాం రాత్రీ పగలూ నిద్ర లేకుండా భజనలు పాడాడు. చెప్పుల్లేకుండా గుట్టలెక్కి తిరిగాడు. ఇక్కడే గుడి కడతానంటూ బండిని ఎవరికో ఇచ్చేశాడు. దేవుడు పూనాడని తండా అంతా అతని కాళ్ళకు మొక్కింది. చిన్న వయసులోనే భర్త పోయి, ఎవరి లెక్కలోనూ లేని సైదమ్మ ఇంటికి ఆ ఏడు మొదటి ప్రసాదం వచ్చింది! ఆ తర్వాతే జైరాంను దిగులు కమ్మింది. దగ్గరి డాక్టరుకు ఆ దిగులొక్కటే చెప్పి మందులు తెచ్చారు. ఆ మందులతో లేచిన మనిషి మళ్ళీ నిద్ర మాని, చర్ల అడవి దారిన పడి పోతుంటే పోలీసు క్యాంపువాళ్ళు ఆపి ఫోన్ చేశారు. “మళ్ళ దేవుడొచ్చిండు” అని మురిసిపోయింది సైదమ్మ. ఇప్పుడు మునుపటికన్నా లోతు దిగుల్లో పడిపోయాడు.

ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ ముందు కూర్చోగానే సైదమ్మే మొదలుపెట్టింది.

“తలకాయ ఫోటో తియ్యి బిడ్డా, అండ్లనే అంతా కనపడ్తది. ఇగ మమ్ముల అడుగుడెందుకు?”

“కనపడదమ్మా. మెదడులో కబుర్లు మోసే రసాయనాలు ఉంటాయి. ఈ జబ్బులో వాటి తీరు మారుతుందని అనుకుంటున్నాం. కానీ కొలిచి ఇదే జబ్బని చెప్పే పరీక్ష ఇంకా లేదు. రక్తం తీసేది థైరాయిడ్ లాంటివి కాదని తేల్చుకోవడానికే. మీరు చెప్పేదాన్ని బట్టే నేను జబ్బు పోల్చుకోవాలి” అంటూ డాక్టరమ్మ పుష్ప వైపు తిరిగింది. “ఎప్పుడైనా నిద్ర లేకున్నా అలసట లేకుండా, మాట ఆగకుండా, పట్టలేనంత హుషారుగా ఉన్నాడా?”

బల్ల కింద సైదమ్మ గోళ్ళు పుష్ప చేతిలో దిగాయి. స్వామీ! నీ పేరు జబ్బుల్లో రాయించమంటావా? రాయించకపోతే ఈయన దక్కుతాడా?... పుష్ప కళ్ళు మూసుకుంది.

“అవ్ మేడం... ఉన్నడు” అని ఏడుస్తూ అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ మెల్లగా అంది. “దేవుడు వచ్చాడో లేదో చెప్పే చదువు నాది కాదమ్మా. పూనకం వచ్చినవాళ్ళు పూజ అయ్యాక పడుకుని లేచి పనికి పోతారు. ఈయన ఆగలేకపోయాడు. ఇలా హుషారూ దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బును బైపోలార్ అంటారు. దిగులొక్కటే అనుకుని మందిస్తే ఆ హుషారు మళ్ళీ ఎగదన్నవచ్చు. ఇప్పుడు మందు మారుస్తాను. ‘లేకుంటే సుఖం’ అన్నాడు కదా, ఒంటరిగా వదలకండి.”

తిరుగు బస్సులో సైదమ్మ వేరే సీట్లో కూర్చుంది. ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకుంది. నీళ్ళ ట్యాంకు దగ్గర పుష్ప కనపడగానే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. “దేవుణ్ణే రోగమన్నదంట, మా తల్లి! రేపు మనల్ని ఏమంటదో!” అని ఎవరో నవ్వేవారు. నిండు తండాలో పలకరించే నోరు లేక, దీపం పెట్టి దేవుడితోనే మాట్లాడుకునేది పుష్ప. “స్వామీ, నిన్ను కాదన్నానా నేను? నీవు వచ్చిన మనిషికి కునుకైనా ఇవ్వవా?...”  ఒక్కరోజూ దీపం మానలేదు.

మెల్లమెల్లగా మందు పట్టింది. ఒక సాయంత్రం జైరాం లేచి వాకిట్లో కూర్చున్నాడు. పక్కకు వచ్చిన పుష్పను అడిగాడు.

“గప్పుడు నా మీదికొచ్చింది దేవుడు గాదా, పుష్పా?... నాకు తండంత దండం పెట్టింది గప్పుడొక్కసారే.”

పుష్ప అతని పాదాల వైపు చూసింది. “నాకేం తెల్సు! అందరు నీ కాళ్ళకు మొక్కిండ్రు. గా అరికాళ్ళు పగిలి నెత్తురు కారంగ నేను చూసిన. నొస్తుందా అంటే నవ్వినవ్... నాకు గదొక్కటే తెల్సు.”

జైరాం మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. గుమ్మంలో నిలబడ్డ సైదమ్మ వచ్చి నేల మీద కూలబడింది. కొడుకు పాదం ఒళ్ళోకి తీసుకుని, మానిన పగుళ్ళను వేలితో తడిమి చూసింది.

“నేను సుత మొక్కిన్నే... కన్నతల్లినయ్యుండి కండ్లతోని చూడలే!” అంది. కోడలి వైపు మాత్రం తల ఎత్తలేకపోయింది.

మర్నాడు ట్యాంకు దగ్గర ఎప్పటిలాగే అందరూ మాట ఆపేశారు. పుష్ప ఒక్కతే బిందె నింపుకుని వచ్చింది. ఎండ పొడ పడినా జైరాం నిద్రపోతున్నాడు. మళ్ళీ దిగులు కమ్మిందేమోనని గాబరాగా లేపబోతే సైదమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“పండనియ్యి, బిడ్డా!”