నా రక్తం సంగతి

1990లో ఒక ఉదయం అనసూయ దుకాణంలో కూర్చోబోతుంటే వీరభద్రం ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అందులో పట్టుచీర ఉంది. ఇయ్యాల్టి నుంచి దుకాణం సంగతి తనే చూసుకుంటానని, ఆమెను ఇంట్లోనే ఉండమని చెప్పాడు. వరంగల్ చౌరస్తా దగ్గర వాళ్ళది ఇత్తడి సామాన్ల దుకాణం. ఇల్లు దాని వెనకే.

అనసూయ చీరను చూడలేదు, భర్త ముఖం చూసింది. ఏడాది కిందట పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ తీసేశాక, కుట్లు మానగానే ఆమె గంగాళాల మధ్యకు వచ్చి కూర్చుంది. అప్పుడు అడ్డుచెప్పని మనిషి ఇప్పుడు ఆపుతున్నాడు. పైగా హైదరాబాద్‌లో పాథాలజీ చదువుతున్న కూతురు కళావతి, ఏ సెలవూ లేకుండా పొద్దుటి బండికి దిగింది. వచ్చిన దగ్గర్నుంచి తల్లి కళ్ళలోకి చూడటం లేదు. పోయినసారి వచ్చినప్పుడు ఆ పిల్లే తన రక్తం తీసుకుపోయిన సంగతి అనసూయకు గుర్తొచ్చింది.

ఆమె దుకాణం తలుపులు దగ్గరికి వేసి ఇద్దరినీ కూర్చోమంది.

"నా రక్తంల ఏం తేలింది?"

అంతా మంచిగనే ఉందని వీరభద్రం అన్నాడు.

"నన్ను అడగకుంట ఎన్నడన్న చీర తెచ్చిన్రా మీరు? బిడ్డా, నువ్వు చెప్పు."

అమ్మకు చెప్పనని కూతురి చేత ఫోన్‌లోనే ఒట్టు వేయించుకున్నాడు వీరభద్రం. అతని అన్నకు డాక్టర్లు రోగం పేరు చెప్పిన వారానికే ప్రాణం పోయింది. ఆ మాటే చంపిందని అతని నమ్మకం. ఇప్పుడు కూడా అదే అన్నాడు.

"చెప్పినందుకు చావలే మీ అన్న," అంది అనసూయ. "అంతా ముదిరినంక చెప్పిన్రు. అందుకు చచ్చిండు."

కళావతి ఇక తండ్రి వైపు చూడలేదు.

"అమ్మా, మన ఒంట్ల కణాలను ఒకదానితోటి ఒకటి అంటిపెట్టి ఉంచే ప్రొటీన్లు ఉంటయి. పేగు క్యాన్సర్‌ల ఒక ప్రొటీన్ మస్తు తయారై రక్తంలకు వస్తది. అదిగూడ కణాలను పట్టి ఉంచే జాతిదేనని ఈ మధ్యనే తేలింది. ఆపరేషన్ తర్వాత నీకది తగ్గింది. ఇప్పుడు మళ్ళ పెరుగుతాంది."

"పెరిగితే?"

"రోగం మళ్ళ ఏడనో మొదలైందని అనుమానం. చిన్న గడ్డయితే స్కాన్‌ల కనబడదు. కడుపు తెరిచి చూస్తే దొరకొచ్చు, తీసెయ్యొచ్చు. దొరకకపోవచ్చు గూడ. బాపు వద్దన్నడు."

భయం అనసూయకూ వేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత తీసేసింది.

"కోసేది నా కడుపు. వద్దనేటందుకు మీరెవరు?"

"నేనేమన్న నీ పగోన్నా?" వీరభద్రం గొంతు పెరిగింది. "మళ్ళ కోస్తే తట్టుకుంటవా? నువ్వు లేకుంట ఈ తలుపులు తెరిచే ధైర్యం నాకు లేదు."

"అట్లయితే భయం మీది. దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టకున్రి. నేను పోత. మీరు వస్తరా రారా, అది మీ ఇష్టం."

వీరభద్రం కూర్చున్నచోటే ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. మునుపు ఆపరేషన్ చేసిన సర్జన్‌కు కబురు చెయ్యమని కూతురికి చెప్పింది.

ఆ వారమే హైదరాబాద్ పోయారు. వీరభద్రం కూడా వెళ్ళాడు. కాలేయం అంచున రేగుపండంత గడ్డ కనిపించింది. దాన్ని తీసేశారు. ఇంకెక్కడా కంటికి కనబడలేదని, అలాగని ఇక రాదని మాట ఇవ్వలేనని సర్జన్ చెప్పాడు.

అనసూయకు మెలకువ వచ్చేసరికి ఇద్దరూ మంచం పక్కనే ఉన్నారు. ఆమె కళ్ళతోనే అడిగింది. కళావతి మాటలు వెతుక్కుంటుంటే వీరభద్రం ముందుకు వంగాడు.

"కార్జం అంచుకు గడ్డ దొరికింది. తీసేసిన్రు. మళ్ళ రాదని ఎవరు చెప్తలేరు. నీకు చెప్పకుంట ఏదీ దాచలే," అన్నాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ చివరిదాకా చెప్పాడు.

అనసూయ కళ్ళ చివర నుంచి నీళ్ళు దిండు మీదికి జారాయి. పెదవులు జర తడపమంది. అతను దూది తడిపి అద్దాడు. ఆమె అతని చేతిని పట్టుకుని, నిద్ర పట్టేదాకా వదల్లేదు.