నిన్నడిగారా అమ్మాయ్

మా అన్న వెంకటప్పయ్య కూతురు హిమజని గురజాల దగ్గర ఒక పల్లెకి ఇచ్చాం. పిల్లకి ఇరవై రెండు, పెళ్ళికొడుకు గోపీనాథ్‌కి ముప్పై తొమ్మిది. మొదటి భార్య రేవతి చచ్చిపోయింది. ఇప్పుడు సేద్యం చేసేవాళ్ళకి పిల్లనిచ్చేవాళ్ళు లేరు, మగపెళ్ళివారే ఎదురు కట్నం ఇచ్చుకుంటన్నారు. మా అన్న ఆ డబ్బుతో బోరు వేయించాడు.

పెళ్ళిచూపుల్లో అత్తగారు చెన్నమ్మ, "ఇష్టమేనా అమ్మాయ్?" అనడిగింది. హిమజ తల దించుకుని చున్నీ కొస నలుపుతా కూర్చుంది. అన్న నా వంక చూశాడు.

"ఇష్టమే వదినా, సిగ్గుపడతంది" అన్నాను. నలుగురిలో నేను నోరు తెరిచింది ఆ ఒక్కసారే.

పెళ్ళయిన మూడోనాటి రాత్రికి శోభనం ముహూర్తం. అందాకా అత్తారింట్లో పిల్లకి తోడుగా నన్ను పంపారు. నాకంటూ ఎవరూ లేరు కాబట్టి ఎక్కడికైనా తోడు నేనే.

మాకిచ్చిన గది వెనక ఇంకో గది ఉంది. ఎప్పుడూ గొళ్ళెం పెట్టే ఉంటది. రేవతి పోయింది అందులోనేనంట.

రెండోరోజు సాయంత్రం మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. "ఒరేయ్ గోపీ, కాయల మీద పట్టలు కప్పరా!" అని చెన్నమ్మ ఒకటే కేకలు. ఇంటిల్లిపాదీ పరిగెత్తారు. మేమిద్దరమే మిగిలాం.

కరెంటు పోయింది. రేకుల మీద వాన. తడిసిన మట్టి వాసనలో మిరపకాయ ఘాటు కలిసి గొంతులో గరగర. దానిలోంచి మెల్లగా ఇంకో వాసన... అప్పుడే తలంటుకున్న జుట్టు వాసన.

"అత్తా, నన్ను తీసుకుపో" అంది హిమజ నా చెయ్యి పట్టుకుని.

"అట్లా అనకూడదు తల్లీ. అలవాటవుద్ది."

అప్పుడు వినపడింది.

"నిన్నడిగారా... అమ్మాయ్?"

హిమజ గొంతు కాదు. వాళ్ళ తాలూకు ముసలామె ఎవరో ఇంట్లో ఉండిపోయిందనుకున్నాను.

"ఈడ ఉండటం... నీకిష్టమేనా?"

ఆ గొంతులో కోపం లేదు. జ్వరమొచ్చిన పిల్లని అడిగినట్టు అడిగింది. హిమజ ఊపిరి పీల్చుకుంది. "నాకు ఇష్టం లే..." అనబోయింది. గబుక్కున దాని నోరు మూశాను. అత్తగారింట్లో ఎవరన్నా వింటే ఇంకేమన్నా ఉందా?

"ఇష్టమేనండీ. సిగ్గుపడతంది."

వాన ఆగినట్టయింది. వెనక గదిలో ఎవరో ఒక్కసారి వెక్కారు...

గొళ్ళెం కదిలింది.

నా చేతిలో హిమజ చెయ్యి లేదు.

కరెంటొచ్చింది. గొళ్ళెం పెట్టినట్టే ఉంది. హిమజ ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చుని నన్ను చూస్తా ఉంది.

"భోంచేశారా పిన్నిగారూ?" అంది.

నేను మేనత్తని. పుట్టినప్పటినించీ అత్తా అనే పిలిచింది.

పొద్దున్నే అందరికంటే ముందు లేచింది. ఉప్పు ఎక్కడుందని, పంచదార ఎక్కడుందని ఎవర్నీ అడగలేదు. చెన్నమ్మ మురిసిపోయింది. "ఏం పిల్లనిచ్చావ్ వదినా! ఏళ్ళ తరబడి ఈ ఇంట్లోనే తిరిగినట్టుంది."

పెరట్లో గిన్నెలు తోముతా ఉంటే పక్కన కూర్చున్నాను.

"హిమా, నాతో వస్తావా? నిజం చెప్పు, నీకేది ఇష్టం?"

తల ఎత్తలేదు.

"ఇష్టం లేదంటారని ఆశపడే అడిగాను పిన్నిగారూ" అంది బాగా మెల్లగా. "ఆ పిల్లని చెప్పనిస్తే ఇద్దరం ఈ ఇంట్లోంచి బయటపడేవాళ్ళం. నన్ను మాత్రం ఎవరడిగారు?"

"మా పిల్లేదమ్మా?"

గిన్నె బోర్లించి, గొళ్ళెం పెట్టిన ఆ గది వంక చూసింది.

ఆ రాత్రికే ముహూర్తం. ఇక తోడు అక్కర్లేదని మధ్యాహ్నం నన్ను ఆటో ఎక్కించారు. కదలంగానే వెనక్కి తిరిగాను.

"ఏందమ్మా, ఏమన్నా మర్చిపోయావా?" అన్నాడు ఆటో నవీద్.

ఆపమని చెప్పాలి. తల అడ్డంగా ఊపాను.

గేటు దగ్గర చెన్నమ్మ పక్కన నిలబడి అది చెయ్యి ఊపుతా ఉంది. పెళ్ళికి ముందురోజు ఆ పిల్ల రెండు చేతులకీ గోరింటాకు పెట్టింది నేనే. నల్లగా మారేంత ఎర్రగా పండింది.

నాకు ఊపుతున్న అరచెయ్యి తెల్లగా ఉంది.