ఉగ్గుగిన్నె చప్పుడు

నాలుగు కావస్తోంది. హైమావతి ఉగ్గుగిన్నెలో నీళ్ళు పోసుకుని తోడుపెట్టె ముందు కూర్చుంది. రాత్రి దాకా ఆమెకు దక్కే నీళ్ళు అవే.

రక్తశోధినులు ఇళ్ళకు వచ్చాక డయాలసిస్ కేంద్రాలన్నీ మూతపడ్డాయి. పక్క మంచం మీది మనిషితో కష్టసుఖాలు చెప్పుకునే వీలు లేకుండా పోయింది. ఆ లోటు తీర్చడానికి సహవాస సంస్థ మూత్రపిండాలు చెడి నీళ్ళు కొలుచుకు తాగాల్సిన నలుగురిని ఏరి తోడువలయంగా కూర్చింది. ఎవరింటి తోడుపెట్టెలోంచి వాళ్ళకు మిగతావాళ్ళ గొంతులే వినిపిస్తాయి తప్ప ముఖాలుండవు. ఎవరైనా ఊరి పేరు చెప్పబోతే పెట్టె ఆ మాటను మింగేస్తుంది. గోప్యత అట.

గిన్నె ఉపాయం వలయంలోని కూర్మారావుది. "పెద్ద గ్లాసులో గుక్కెడు నీళ్ళు సూస్తే ఏడుపొస్తాది సెల్లీ. పిల్లలకి ఉగ్గెట్టే గిన్నెలో పోసుకో, నిండుగుంటాది" అన్నాడొకనాడు. అప్పటినుంచీ నలుగురూ నాలుగింటికి ఒక్కసారే తాగి, గిన్నెలు టక్కున దించేవారు. దాహం చంపేస్తున్నా ఆ చప్పుడు కోసం హైమావతి ఓర్చుకునేది.

ఈమధ్య మూడే చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. కూర్మారావు గొంతు మాత్రం మునుపటికన్నా హుషారుగా ఉంది. ఆమెకు అనుమానం వచ్చి సంస్థను నిలదీసింది. శ్రీలాస్య అనే అధికారిణి తెరమీదికి వచ్చింది.

"ఆయన పోయిన నెల చనిపోయారు మేడమ్. ఆయన మాటవల్ల మీ ముగ్గురి నీటి నియమం బాగా నిలబడింది. అందుకే ఆయన గొంతును యంత్రంతో కొనసాగించాం."

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. "మనిషి పోతే ఏడవడానిక్కూడా మీ అనుమతి కావాలా? నెలరోజులు శవాన్ని కూర్చోబెట్టి నాతో కబుర్లు చెప్పించారా?"

"మీ ఆరోగ్యం కోసమే కదా. ఇంతకీ మీకెలా తెలిసింది?"

"గిన్నె దించిన చప్పుడు లేదు."

"ధన్యవాదాలు. నమోదు చేసుకున్నాను" అని శ్రీలాస్య నవ్వింది.

ఆ నవ్వు తలుచుకుంటూ హైమావతి రాత్రంతా పళ్ళు నూరింది. మర్నాడు నాలుగింటికి వలయం తెరుచుకోగానే ఉన్నదంతా చెప్పేసింది. "కూర్మారావు అన్న లేడు. ఇది యంత్రం. కావాలంటే వినండి, దీనికి గిన్నె లేదు."

అంతలో కూర్మారావు వైపునుంచి టక్కుమని చప్పుడైంది. అచ్చం ఇత్తడి గిన్నె గట్టుమీద దించినట్టే ఉంది.

"ఏటి సెల్లీ అలాగంటావు? నానిక్కడే ఉన్నాను గదా" అంది ఆ గొంతు.

వలయంలోని తవిటమ్మ అందుకుంది. "ఎవులు మడిసో, ఎవులు కాదో. నువ్వు మటుకు మడిసివేనని మాకెలాగ తెలుస్తాదమ్మా?"

హైమావతి తన ఊరి పేరు చెప్పింది, వీధి పేరు చెప్పింది. పెట్టె రెంటినీ మింగేసింది. తవిటమ్మ వెళ్ళిపోయింది. మరికాసేపటికి మాటా పలుకూ లేకుండా నాలుగో మనిషీ వెళ్ళిపోయాడు. వాళ్ళెక్కడుంటారో హైమావతికి తెలియదు. ఈ రాత్రి దాహమేస్తే నీళ్ళ జోలికి పోకుండా వాళ్ళను ఎవరు ఆపుతారో తెలియదు.

"పోనీలే, మనమిద్దరం ఉన్నాం గదా. తాగేసి గిన్నె దించు సెల్లీ, వింటాను" అంది కూర్మారావు గొంతు.

ఆమె నీళ్ళు తాగింది. గిన్నెను మాత్రం చప్పుడు కాకుండా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.