మూసిన కొట్లో మూలుగు

సందు చివరి రిపేరు కొట్టుకు పాడుపేరు వచ్చి పదిహేను రోజులైంది. పొద్దుగూకితే అటు తొంగిచూసేవాడు లేడు. గ్రామఫోన్లు బాగుచెయ్యడంలో సాటిలేని మేస్త్రీ కన్నుమూశాడు సరే... రాత్రిళ్లు లోపల మూలుగుతున్నాడని పుకారు. ఇక ఆ గడపకు పాటపెట్టె ఎవరు తెస్తారు? తెల్లారితే కొట్టు వదిలేసి పుట్టింటికి పోతానంది ఆయన భార్య.

అది విని మేస్త్రీ తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిప్పులాంటి మనిషి వదినా మా అన్న! బతికుండగా ఒకరి జోలికి పోలేదు. చచ్చాక పోతాడా?"

"నేనూ విన్నాను అబ్బాయీ... మనిషి మూలుగే."

"ఎవడో వెధవ వేషాలేస్తున్నాడు. వాడి కాళ్లు విరగ్గొడతాను. తాళంచెవి ఇలా ఇవ్వు!"

పక్క రొట్టెల బట్టీ ఆయన గుమ్మంలోంచి పళ్లికిలించాడు. "పోయినా మీ అన్నకి పని తీరలేదయ్యా! నీకూ ఓ సుత్తి అందిస్తాడేమో చూసుకో."

"నోరు మూసుకుని పిండి పిసుక్కో!"

ఆ రాత్రి తమ్ముడు కొట్లోకెళ్లి లోపల గడియ పెట్టి, ఇనపకడ్డీ పట్టుకుని చీకట్లో కూర్చున్నాడు. పది దాటింది. పదకొండు... పక్కన బట్టీ రాజేసిన చప్పుడు. తర్వాత అదీ సద్దుమణిగింది.

అప్పుడు — 'టక్' మంది ఏదో.

వెంటనే మూలుగు. లోతుగా, సాగదీస్తూ... మగగొంతు.

అయినా కోపం భయాన్ని తొక్కేసింది. "ఎవడ్రా?" అంటూ అగ్గిపుల్ల గీశాడు.

ఎవడూ లేడు.

గోడవార బల్ల మీద గ్రామఫోను. దాని పళ్లెం తిరుగుతోంది... ఈడుస్తూ, ఆగి ఆగి. ముల్లు రికార్డు మీదే ఉంది. నిజానికది ఆడమనిషి పాట. ఆ నత్తనడకకి మగవాడి మూలుగైంది.

స్ప్రింగు బిగించే చావి తిప్పిన చెయ్యేది మరి?

దీపం ముట్టించి, పళ్లెం ఆపి, పైపలక ఎత్తి మోటారు చూశాడు. స్ప్రింగు డబ్బా అంచున తారులా గట్టిపడ్డ పాత గ్రీజు. దానిమీద తెల్లగా కొత్త పూత.

ఆ పూత ఎవరిదో అతనికి తెలుసు.

అన్న పోయిన వారానికి ఈ పెట్టె బాగుచేసింది తనే. స్ప్రింగును బయటికి తీసి, కిరసనాయిలుతో పాతదంతా కడగాలి — అన్న తిట్టి తిట్టి నేర్పిన పని. రోజంతా ఎవడు కడుగుతాడని పైపైన పూసేశాడు. చావి ఇస్తే పాట సగంలో ఆగింది. స్ప్రింగు పూర్తిగా విప్పుకుందిలే అనుకుని, బ్రేకు కూడా వెయ్యకుండా పోయాడు. అది విప్పుకోలేదు... జిడ్డులో అతుక్కుంది.

గోడ మీద చెయ్యి పెట్టాడు. బట్టీ సెగకి కాలుతోంది. రాత్రి గోడ వేడెక్కగానే జిడ్డు కరిగి, స్ప్రింగు కాస్త జారి, పళ్లెం నాలుగు చుట్లు తిరుగుతోంది. చల్లారితే జిడ్డు మళ్లీ బిగుసుకుంటోంది.

ఇప్పుడెవడి కాళ్లు విరగ్గొట్టాలి?

ఇప్పుడే కడిగేస్తే మూలుగు ఆగుతుంది. ఎవరికీ తెలియదు. తన పేరు భద్రం... అన్న మాత్రం ఆ సందులో ఎప్పటికీ దెయ్యమే.

కడ్డీ విసిరికొట్టి, వెళ్లి బట్టీ తలుపు దబదబా బాదాడు.

"దొరికిందా దెయ్యం?" గుసగుసగా అడిగాడు రొట్టెలాయన.

"దొరికింది."

"ఎ... ఎవరు?"

"నేనే. మా వదిన్ని లేపు. సందులో అందర్నీ లేపు."