ఆర్థర్ దొర గోడకి నీళ్ళు

ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేటలో పొద్దుగూకాక ఎవరినైనా ఆర్థర్ బంగళాకి దారి అడిగి చూడండి. బెంగాలీవాడైతే దారి చెప్పి తను రెండడుగులు వెనక్కి వేస్తాడు. తెలుగువాడైతే దారి కూడా చెప్పడు. తెల్లారాక వెళ్ళకూడదా అంటాడు.

ఆర్థర్ అనే ఆయన ఆవిరింజన్ల కాలంలో మెయిల్ డ్రైవరు. ఆ బంగళా కట్టుకున్నదీ ఆయనే, అందులో పోయిందీ ఆయనే. పోయాక కూడా డ్యూటీ దిగలేదని ఊరి మాట. చీకటి పడితే పెరట్లో నూతి గిలక కిర్రుమంటుందట... నీళ్ళు తోడిన చప్పుడు... ఆ వెంటనే కాలిన ఇనుము మీద నీళ్ళు పడ్డట్టు — సుయ్ మని. దొర ఇంజనుకి నీళ్ళు పడుతున్నాడు, అటు పోకండి అనేవారు పెద్దలు.

మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి రైల్వే మీద ఎంత భక్తి అంటే, దెయ్యాన్ని కూడా డ్యూటీ ఎక్కించేశాం.

ఇప్పుడు చెప్పబోయేది గణపతిరావు మేస్త్రికి జరిగింది. ఈ కథ తనే చెప్పి తనే ముందు నవ్వుతాడు కాబట్టి, మనం నవ్వినా తప్పులేదు.

ఆ బంగళాని రైల్వే స్కూల్లో పాఠాలు చెప్పే వాసంతి కొనుక్కుంది. చదువుకున్నది కనుక దెయ్యాలను నమ్మదు. మనమ్మాయి కనుక దీపాలు పెట్టే వేళ దాటితే అటు పోదు. ఇంటి మరమ్మతు గణపతిరావుకి అప్పజెప్పింది. పాతకాలపు ఇటుక గోడలు అవి. పడమటి గోడ పూత ఉప్పు పొంగి బూడిదలా రాలుతోంది. కప్పు వారన రావి మొక్క మొలిచి, దాని వేరు ఇటుకల మధ్య చెయ్యి దూరేంత సందు చేసింది. గణపతిరావు పాత పూతంతా గీకించి, వేళ్ళు తవ్వి తీసి, సందులు పూడ్చి, రెండు నిలువుల ఎత్తు గోడకి కొత్త ప్లాస్టరింగు చేశాడు. అతని చెయ్యి మంచిదే. గిట్టనివాళ్ళు కూడా ఆ మాట అంటారు. జబ్బంతా చెయ్యి కడుక్కున్న తరువాతే.

కొత్త పూతకి కొన్నాళ్ళపాటు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు కొట్టాలి. లేకపోతే ఎండకి బీటలిచ్చి పెచ్చులూడుతుంది. ఈ సంగతి గణపతిరావు అందరికీ చెబుతాడు. చెప్పేశాక ఆ పని అయిపోయిందనుకుంటాడు.

అంతకుముందు మాలంచ పేటలో ఒకరింటికి ఇలాగే నీళ్ళు ఎగ్గొట్టాడు. దుర్గాపూజకి పూసిన పూత నెల తిరక్కుండా కాళీపూజకి రాలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సిమెంటు కల్తీ అన్నాడు, నది ఇసుకలో మన్ను ఉందన్నాడు, చివరికి ఆ ఇంటాయన జాతకం బాగోలేదన్నాడు. ఊరు మాత్రం ఒక్కటే అంది — పెచ్చుల మేస్త్రి.

ఆ పేరుతో పనులు రావడం మానేశాయి. ఈ గోడ కూడా రాలిందంటే తాపీ అటకెక్కించి, బావమరిది బుజ్జిబాబు చూసిపెట్టిన ఉద్యోగంలో చేరాల్సిందే. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు దగ్గర ఒక గోడౌనుకి కాపలా. నైట్ డ్యూటీ. రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే భార్య సింహాచలమ్మను తోడు లేపే మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

అందుకే ఈసారి నీళ్ళు కొట్టి తీరాలని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ సాయంత్రం నీళ్ళు ఎండ దిగాకే కొట్టాలి. ఎండ దిగితే చీకటి. చీకటైతే... ఆర్థర్ దొర.

మొదటి రోజు ఎండ ఇంకా గోడ మీద ఉండగానే నిచ్చెనని కిటికీ ఊచలకి గొలుసేసి తాళం పెట్టాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకుని జారుకున్నాడు. వెంటనే ఇంటికి పోతే సింహాచలమ్మ అడుగుతుంది. అందుకని రాత్రి భోజనాల వేళ దాకా ఖరిదా బజారులో టీ కొట్టు దగ్గర కూర్చుని, వీధి కుళాయిలో తువ్వాలు తడిపి మెడ మీద వేసుకుని, అలిసిపోయిన మొహంతో ఇల్లు చేరాడు.

"కొట్టినావా నీల్లు?" అంది సింహాచలమ్మ.

"కొట్టక? సేతులు పడిపోనాయి."

"పాపం," అంటూ ఆమె అన్నం వడ్డించి, తన భుజం తనే నొక్కుకుంది. గణపతిరావు అది గమనించలేదు. కంచం ముందుంటే అతనికి ఇంకేదీ కనపడదు.

తెల్లారి బీటలు ఎన్నొచ్చాయో అని గుండె చిక్కబట్టుకుని బంగళాకి వెళ్ళాడు.

గోడ తడిగా ఉంది.

చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా... కప్పు కింది అంచు నుంచి నేల దాకా నల్లగా తడిసి ఉంది. రాత్రి వాన పడిందేమో అని చుట్టూ చూశాడు. పెరడంతా ఎర్రటి దుమ్ము, పొడిగా.

నక్క తోక తొక్కాననుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దుటి నీళ్ళు కొట్టే అవసరం కూడా తప్పింది. అప్పటికి అతనికి సంతోషం పోయి వణుకు మొదలైంది. పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, గోడకి నీళ్ళెవరు కొడుతున్నారని మేస్త్రే అడిగితే మేస్త్రి ఏం చేస్తున్నాడని వాళ్ళు తిరిగి అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. దొర తన గోడని చూసి ఇంజననుకుంటున్నాడని సర్దిచెప్పుకుని, సాయంకాలాలు ఇంకాస్త ముందే పారిపోవడం మొదలుపెట్టాడు.

అలా ఉండగా ఒకనాడు టీ కొట్టు దగ్గర చీకటి పడుతూనే ఫోను మోగింది. వాసంతి.

"మేస్త్రిగారూ, ఎక్కడున్నారు?"

"ఇక్కడే తల్లీ, గోడ కాడే. నీల్లు కొడతన్నాను."

"చీకట్లో ఒక్కరే ఉంటున్నారు, మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. మీరున్నారు కదా, నేనూ వచ్చి చూస్తాను. రైలు గేటు పడింది. తియ్యగానే వచ్చేస్తాను."

టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో అతనికి గుర్తులేదు. గేటు దగ్గర గూడ్సు బండి పొడుగ్గా ఉండేలా చూడమని సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటూ పరుగెత్తాడు. వాసంతి వచ్చేలోపు బకెట్ చేత్తో పట్టుకుని నిలబడితే చాలు. లేకపోతే ఉన్న ఒక్క పనీ పోతుంది, గోడౌనే గతి.

బంగళా గేటు తోశాడు. ఫోను లైటు వేశాడు. ఆంజనేయస్వామిని తలుచుకుందామంటే స్వామి పేరు నోటికి రాలేదు.

కిర్ర్...

ఆగిపోయాడు. చప్పుడూ ఆగింది.

ఒక్కడుగు వేశాడు... కిర్ర్... కిర్ర్... పెరట్లో గిలక. చేద పైకి వచ్చింది. నీళ్ళు ఒంపిన చప్పుడు. తరువాత అడుగులు — నింపాదిగా, బరువుగా, నూతి దగ్గర నుంచి పడమటి గోడ వైపు.

సుయ్‌మంది గోడ.

పగలంతా ఎండకి కాలిన పూత మీద నీళ్ళు పడితే అలాగే అంటుందని ఇన్నేళ్ళ మేస్త్రికి తెలియదా అంటే, తెలుసు. ఆ క్షణంలో మాత్రం తెలియలేదు.

గోడ మూల తిరిగి లైటు ఎత్తాడు. వెలుగు చివర... తెల్లగా... నిలువునా... తల నుంచి పాదాల దాకా తెలుపే. అటు తిరిగి ఉంది. చెయ్యి నెమ్మదిగా పైకెత్తింది...

"ద... దొరా..."

అది ఇటు తిరగబోయింది.

గణపతిరావు అరిచిన అరుపు తనకే వినపడలేదట. కళ్ళు గట్టిగా మూసుకుని వెనక్కి తిరిగి పరుగెత్తాడు. గేటు దారిలో, వెల్ల వేయడానికి నానబెట్టిన సున్నం తొట్టి ఉంది. మూత పెట్టండర్రా అని కూలీలని రోజూ తిట్టేవాడు. ఆ రోజు తీసి వదిలేసింది తనే. దబ్బుమని అందులో పడ్డాడు. ఫోను పట్టుకున్న చెయ్యి మాత్రం పైకే ఉంది. భయంతో మూసుకోబట్టి కళ్ళు దక్కాయి. పిరికితనం కూడా ఒక్కోసారి ఉపకారం చేస్తుంది.

లేచి, కారుతూ, గేటు దాటాడు. ఎదురుగా ఒక స్కూటీ లైటు వచ్చి మీద పడింది. ఒక్క క్షణం ఆగింది. గిర్రున తిరిగి, వచ్చిన దారినే పోయింది.

దారిలో వీధి కుళాయి కనపడితే మొహం మాత్రం కడుక్కుని ఇల్లు చేరాడు. ఇంటికి తాళం.

సింహాచలమ్మ లేదు. ఈ వేళప్పుడు ఎక్కడికి పోయినట్టు? గడప మీద కూలబడ్డాడు. వీధి దీపం లేదు. కుక్కలు కూడా మొరగడం మానేశాయి. అప్పుడు... సందు మొదట్లోంచి అడుగులు వినపడ్డాయి. అవే అడుగులు.

తెల్లగా, నిలువునా, అది సందులోకి వచ్చింది. సరాసరి అతని వైపే వస్తోంది.

లేచి నిలబడ్డాడు. అరవబోయాడు. అదే ముందు అరిచింది. అరిచి, చేతిలోది విసిరింది. బకెట్ వచ్చి మోకాలికి తగిలి దొర్లింది. ఫోను వెలుగులో బకెట్ మీద ఎర్ర రంగుతో 'గ' అని రాసి ఉంది. అది తను రాసుకున్నదే.

"ఎవుల్రా అది?" అంది దెయ్యం.

"నేనేనే... నేను."

"నువ్వా? ఒంటికి ఆ సున్నమేటి?"

"నీకు ఆ దుప్పటేటి?"

"దోమలు," అంది సింహాచలమ్మ, తల మీది తెల్ల దుప్పటి తీస్తూ. "నూతి కాడ పీక్కు తినేస్తన్నాయి."

అతనికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఈలోగా ఫోను మోగింది.

"మేస్త్రిగారూ, ఇంకా బంగళాలోనే ఉన్నారా? బయటికి వచ్చేయండి, నీళ్ళూ వద్దు ఏమీ వద్దు. నేను కళ్ళారా చూశాను, తెల్లగా, గేటు దగ్గర... కారుతోంది."

గణపతిరావు ఒంటి మీది సున్నం వంక చూసుకున్నాడు. "పర్లేదు తల్లీ," అన్నాడు మెల్లగా. "దాన్ని నేను రోజూ సూస్తుంటాను. నీల్లు కొట్టడం అయినాక వస్తాను."

మిమ్మల్ని పెచ్చుల మేస్త్రి అన్నవాళ్ళని నా దగ్గరికి పంపండి, అంది ఆవిడ. ఫోను పెట్టేసేసరికి సింహాచలమ్మ నవ్వు ఆపుకోలేక గోడకి చేరబడింది.

తలుపు తీసి, అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ చెప్పింది.

"మొదటి రోజు నీకు టీ అట్టుకొచ్చినాను. నువ్వు నేవు. గోడ కింద సగం ఎండి ఉంది. ఈ గోడా రాలిపోతే నిన్నింక మేస్త్రీ అని పిలిసీవోలు ఉండరు గదా అని, నీల్లు తోడి కొట్టినాను. నువ్వు టీ కొట్టు కాడ కూకున్నన్నాల్లూ అదే పని. ఇయ్యాల ఎవులో లైటు కొట్టి కేకేసినారు, తెల్లగా ఏటో లేచినాది. దొరే అనుకుని పెరటి గండిలోంచి పరిగెట్టినాను."

"నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే నువ్వు బయపడి పారిపోతన్నావని నాకు తెలిసినట్టు నీకు తెలిసిపోద్ది. మొగోడివి, బాధపడతావు."

గణపతిరావుకి సిగ్గేసింది. అలిసిపోయానని కోతలు కోస్తూ తను అన్నం తిన్న రాత్రులన్నీ ఈ మనిషి నూతిలోంచి నీళ్ళు తోడి వచ్చి వడ్డించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె మీద అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

"రేపట్నించి నేనే కొడతాను," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "నువ్వు దీపం అట్టుకుని పక్కనుంటే సాలు," అన్నాడు.

ఆ గోడ తరువాతెప్పుడూ బీటివ్వలేదు. ఆ పాడు పేరూ మళ్ళీ వినపడలేదు. అదంతా వేరే సంగతి. ఆ రాత్రి సంగతి ఇంకా అవలేదు.

చెవుల్లో సున్నం తీసుకుంటుంటే గణపతిరావుకి ఒక అనుమానం వచ్చింది. మేస్త్రి కదా, ఆలస్యంగానైనా వస్తుంది.

"ఏటే... పైన నీకెలా అందినాది? నిచ్చెన తాళంచెవి నా మొలతాడుకే ఉంది గదా."

సింహాచలమ్మ చెంబు ఆగింది.

"పైనేటి? పైన నేను కొట్టనేదు. నేనెల్లేసరికే పై సగం తడిసుండేది. నిచ్చెనెక్కి పైన కొట్టేసి, కింద వంగడానికి ఒల్లు బరువై పారిపోతన్నావనుకున్నాను."

"నేను... సాయంత్రాలు అసలు నీల్లే ముట్టుకోనేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోకోషెడ్ వైపు నుంచి ఏదో ఇంజను సన్నగా కూత వేసింది.

సింహాచలమ్మే గొంతు తగ్గించి అంది.

"ఎవులైతేనేటి. ఒకలు సెప్పకుండానే రోజూ వచ్చి పైనుంచి తడుపుతన్నాడు. నీకన్నా నయం."